మూడు ఫోన్ల చీటీ

షట్టరు సగం ఎత్తి, నడుం వంచి లోపలికి దూరి, లైటు వేసి, మిషను మీది గుడ్డ తీసి మడత పెట్టాక దర్జీ చేసే మొదటి పని కుట్టు కాదు. ఫోను తీసి చీటీ చదవడం.

ఆ చీటీ ఆమెది కాదు. తమ్ముడి ఇంటిది.

రెండేళ్ల క్రితం తమ్ముడు కొత్త ఫోను కొనుక్కుని పాతది అక్క చేతిలో పెట్టాడు. అందులో తన ఖాతా అలాగే ఉంచేశాడు. వాళ్ళావిడ ఫోన్లోనూ అదే ఖాతా. మూడింట్లో ఒకటే ఉంటే మర్చిపోవడాలు ఉండవని, ఒకదాంట్లో రాసింది మిగతా రెండింట్లోనూ కనిపిస్తుందని చెప్పాడు. ఫోటోలు మాత్రం ఆ రోజే ఆపేశాడు, పాత ఫోను నిండిపోతుందని. దర్జీకి వాటిలో సగం అర్థం కాలేదు. కొలతల పుస్తకం వానకి తడిసి ముద్దైపోయిన రోజులవి. కొలతలు ఫోన్లోనే నోట్సులో రాసుకోవడం మొదలుపెట్టింది. పేర్లు గుర్తుండవు కాబట్టి తన పద్ధతిలో రాసుకునేది. ఒకరు నీలం గేటావిడ. ఒకరు తొందర మేడం. ఇంకొకాయన టేపు నడుముకి చుట్టగానే ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఆయన పేజీ మీద "పొట్ట లోపలికి. రెండంగుళాలు కలుపుకోవాలి" అని ఉంటుంది.

ఈ కొలతల పేజీల కింద ఒక రోజు తమ్ముడింటి సరుకుల చీటీ కనబడింది. మొదట్లో చదవకుండా పక్కకి జరిపేసేది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు చదవకపోతే చేయి కత్తెర మీదికి పోదు.

"పాలు రెండు. ఉల్లిపాయలు. మెట్ల మీది బల్బు పోయింది, చీకట్లో ఎక్కుతున్నాం. పిల్లకి తెల్ల సాక్సులు, కాలు పెరిగింది. బట్టల సబ్బు."

ఇంతే. కానీ ఆమెకి అది చాలు. పాలు రెండు బదులు నాలుగని ఉంటే ఇంటికి ఎవరో వచ్చారన్నమాట. సబ్బు వారంలో రెండోసారి వస్తే పిల్ల మట్టిలో ఆడుతోందన్నమాట. మరదలు ఎదురుపడితే ముక్తసరిగా మాట్లాడే మనిషి. చీటీలో మాత్రం ఇంత వాగుడేమిటా అని దర్జీ అప్పుడప్పుడూ తనలో తాను నవ్వుకునేది. సాక్సులు కావాలంటే సాక్సులని రాస్తే చాలదా, కాలు పెరిగిందని కొట్టువాడికి చెప్పాలా.

ఆ గురువారం చీటీలో కొత్త గీత ఒకటి ఉంది. "పిల్లకి దగ్గు మందు. రాత్రంతా దగ్గింది."

దర్జీ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతుండగా తొందర మేడం వచ్చేసింది. ఆవిడ చెప్పులు విప్పకముందే చేతులు పైకెత్తి నిలబడుతుంది, కొలతలు తీసుకో అన్నట్టు. దర్జీ అప్పుడే మిషనుకి నూనె వేసింది. ఆ బొటనవేలితోనే, కొలతల పేజీ తెరవబోయి, తెర మీద పక్కకి గీసింది. ఏదో చిన్నగా ఎగిరి మాయమైంది. చూసేసరికి చీటీలో దగ్గు మందు గీత లేదు.

తెరని అటు గీసింది, ఇటు గీసింది. సాక్సులు ఉన్నాయి, సబ్బు ఉంది, మందు లేదు.

"ఏంటండీ, నేను చేతులెత్తుకుని దొంగలా నిలబడాలా?" అంది తొందర మేడం.

దర్జీ టేపు అందుకుంది. భుజం పదహారన్నర అని నోటితో అని, కాగితం మీద పద్నాలుగున్నర వేసింది. మళ్ళీ కొలిచింది. చేతి పొడవు తీస్తూ టేపు మోచేతి దగ్గరే వదిలేసింది. మేడం ఆమె మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, శనివారానికి కావాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక్కడ పోయిన గీత అక్కడా పోయే ఉంటుంది. మరదలు సాయంత్రం కొట్టుకి వెళ్ళి ఫోను చూసుకుంటుంది, సాక్సులు కొంటుంది, మందు మర్చిపోతుంది. పిల్ల మళ్ళీ రాత్రంతా దగ్గుతుంది.

ఫోను చేసి చెప్పొచ్చు. పిల్లకి మందు తెచ్చారా అని ఒక్క ముక్క. కానీ నీకెలా తెలుసని అడిగితే? మీ ఇంటి చీటీ రోజూ చదువుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? అప్పుడు అదీ ఆపేస్తారు. అది ఆగిపోతే ఆ ఇంట్లో పాలెన్నో, బల్బు మార్చారో లేదో ఆమెకి చెప్పేవాళ్ళెవరూ లేరు.

అయినా తమ్ముడికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మరదలి నంబరు దాకా వెళ్ళి ఆగింది.

మరదలితో మాటలు తెగిపోలేదు కానీ ముడి వదులైపోయి ఏడాదిన్నర అయింది. పిల్ల పుట్టినరోజుకి గౌను కుట్టింది దర్జీ. కొలతలకి పిల్లని ఎవరూ తీసుకురాకపోతే, కంటి అంచనాతో కుట్టింది. వచ్చినవాళ్ళందరి ముందూ పిల్ల చేతులు దించలేక ఏడ్చింది, చంకల దగ్గర బిగుతై. ఇంట్లో దర్జీ ఉండి కూడా పిల్లకి ఊపిరాడడం లేదని మరదలు అంది. పిల్లని నా దాకా తీసుకొచ్చే తీరిక ఉంటే కదా అని దర్జీ అంది. రెండూ చిన్న మాటలే. అన్న చోటు పెద్దది. అప్పటి నుంచీ "బాగున్నారా వదినా", "బాగున్నాను" వరకే.

చివరికి ఆ గీత తనే రాసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం నొక్కింది. "పిల్లకి దగ్గు మందు. రాత్రంతా దగ్గింది." ఇంతకుముందు మూడో స్థానంలో ఉన్న గీత ఇప్పుడు అన్నిటికంటే కింద చేరింది. ఎలా పైకి జరపాలో తెలియలేదు. పరాయి ఇంట్లో గిన్నె పగలగొట్టి, ముక్కలు అతికించి, తప్పు గూట్లో పెట్టినట్టుంది.

సాయంత్రం తమ్ముడి నుంచి మెసేజి వచ్చింది. "ఆదివారం వస్తున్నా. నీ ఫోను కాస్త చూడాలి."

శుక్రవారం చీటీ కదల్లేదు. రోజూ ఏదో ఒకటి చేరేది, ఏదో ఒకటి పోయేది. ఆ రోజు సాక్సులు సాక్సుల్లాగే ఉన్నాయి, అడుగున ఆమె రాసిన గీత అలాగే ఉంది. ఉలుకూ పలుకూ లేదు.

మధ్యాహ్నం నీలం గేటావిడ చొక్కాకి కాలరు అతుకుతూ ఉన్నట్టుండి లేచింది. షట్టరు దించి, తాళం వేసి, బస్సెక్కి పిల్ల చదివే బడి దగ్గర దిగింది. బడి ఎదురుగా రోడ్డుకి ఇవతల నిలబడింది. లోపలికి వెళ్ళాలనుకోలేదు. పిల్ల బడికి వచ్చిందా, నడుస్తోందా, అంతే చూసి వెళ్ళిపోదామనుకుంది.

గంట మోగింది. ఒకే రంగు బట్టల్లో వందమంది ఒక్కసారిగా గేటులోంచి బయటికి పొర్లారు. దర్జీ కళ్ళు అలవాటుకొద్దీ బట్టల మీదికే పోయాయి. ఒకదాని మడత ఊడింది. ఒకదాని చేతులు అక్కవి కాబోలు, వేళ్ళ దాకా ఉన్నాయి. ఒక పిల్ల దగ్గింది. అటు తిరిగి చూసింది. ఆ పిల్ల కాదు. కళ్ళలో వత్తులు వేసుకుని ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది. కానీ ఈ ఏడాదిన్నరలో పిల్ల ఎంత పొడుగైందో తెలియక, ఏ ఎత్తులో వెతకాలో ఆమెకి తెలియలేదు. పది నిమిషాల్లో గేటు ఖాళీ అయింది. కాపలావాడు గొళ్ళెం పెడుతూ ఎవరికోసమమ్మా అని అడిగాడు. ఎవరికోసం కాదని చెప్పి బస్సు ఎక్కింది.

శనివారం తొందర మేడం జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చి, వేసుకుని చూసి, ఒక చేయి పొట్టిగా ఉందని తిరిగిచ్చేసింది. ఆమె కుట్టినది ఇన్నేళ్ళలో ఎవరూ అలా తిరిగివ్వలేదు. దర్జీ తీసుకుంది. కుట్లు విప్పుతూ, దారప్పోగులు ఒళ్ళోంచి దులుపుకుంటూ, ఒక నిర్ణయానికి వచ్చింది. తమ్ముడు అడగకముందే తనే చెప్పేయాలి. అన్నీ తీసేయ్, నాకేమీ కలిపి ఉంచొద్దని. పట్టుబడి వదులుకోవడం కంటే తనంతట తాను వదులుకుంటే కాస్త పరువైనా మిగులుతుంది.

నమూనాలు కత్తిరించే మందపు కాగితం ఒక ముక్క తీసుకుంది. ఫోను ముందు పెట్టుకుని, బట్టల మీద గీసే సుద్దతోనే, చీటీ మొత్తం ఎక్కించుకుంది. పాలు రెండు. ఉల్లిపాయలు. మెట్ల మీది బల్బు. రాసి, మడిచి, బొత్తాల డబ్బాలో పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. కొట్టు వెనకాల ఆమె ఉండే గది ఉన్నా, వాడు ఎప్పుడూ కొట్టులోనే, కొలతలకి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలోనే కూర్చుంటాడు. కూర్చోగానే చెయ్యి చాపాడు.

"ఏదీ, ఫోనివ్వక్కా. నీ వల్ల నా పరువు పోయింది."

దర్జీ ఫోను కొంగుతో తుడిచి ఇచ్చింది.

జరిగిందేమిటంటే, బుధవారం ఆఫీసులో అందరి ముందూ వాడు తన ఫోన్లోంచి ఏదో లెక్కల పటం గోడ మీద పెద్దగా చూపించబోయాడు. పటం బదులు నోట్సు తెరుచుకుంది. గోడ నిండా ఇంతింత అక్షరాలతో "పొట్ట లోపలికి. రెండంగుళాలు కలుపుకోవాలి."

"అందరూ నవ్వారా?" అంది దర్జీ, ఊపిరి వదులుతూ.

"నవ్వితే బాగుండేది. మా పెద్ద సారుకి ఇంత పొట్ట. ఆయన అప్పుడే ఊపిరి బిగబట్టుకుని లేచి నిలబడ్డాడు."

ఆమెకి నవ్వు ఆగలేదు. మూడు రోజుల తర్వాత వచ్చిన నవ్వు. వాడూ నవ్వాడు. అయితే ఇదా సంగతి. చీటీ గురించి కాదు.

నవ్వు సందులో నోరు జారింది. "పిల్లకి దగ్గెలా ఉందిరా?"

"తగ్గింది. నీకెవరు చెప్పారు?"

"చలికాలం కదా. అందరికీ ఉందిగా."

వాడు పట్టించుకోలేదు. మందు గురువారం పొద్దున్నే మీ మరదలు వెళ్ళి తెచ్చేసిందని చెబుతూ ఫోన్లో ఏదో లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళాడు. వరసగా పేర్లు, ఒక్కొక్క దాని పక్కన చిన్న మీట. ఇదిగో, ఏవి మూడింట్లో కలిసి ఉండాలో ఏవి అక్కర్లేదో ఇక్కడ ఎంచుకోవచ్చని చూపించాడు. మొదట నంబర్లు. మీట నొక్కాడు. ఆమె ఎన్నడూ ఎరగని నాలుగు వందల మంది ఫోన్లోంచి వెళ్ళిపోయారు. ఆమె వాళ్ళు పదకొండుమంది మిగిలారు. తర్వాత క్యాలెండరు. నీకు నా మీటింగులెందుకని అదీ తీసేశాడు. పిల్ల పుట్టినరోజు కూడా దాంతోపాటే పోయింది. అది ఆమెకి ఫోను గుర్తుచేయాల్సిన అవసరం లేదు.

"ఇంక నోట్సు. అసలు గొడవంతా ఇదే. నీ కొలతలు నీ దగ్గరే ఉంటాయిలే, భయపడకు."

ఇప్పుడే చెప్పాలి. దర్జీ సూది పిన్నుల దిండులో గుచ్చింది.

"తీసేయ్‌రా. మీ ఇంటి సరుకుల చీటీ కూడా వస్తోంది అందులో. నాకెందుకది."

"ఏ చీటీ?" అన్నాడు వాడు తలెత్తకుండానే. "మాకు చీటీలెక్కడివక్కా. వంటింటి గోడకి నల్లపలక పెట్టి ఏడాది దాటింది. పిల్ల సుద్దతో రాస్తుంది, నేను దాన్ని ఫోటో తీసుకుని కొట్టుకెళ్తా. నోట్సు తెరిచే దిక్కే లేదు మా ఇంట్లో. తెరిచాను కాబట్టే మొన్న ఈ ఖర్మ."

వాడి వేలు మీట మీదికి దిగుతోంది. దర్జీ చెయ్యి వెళ్ళి తెర మీద అడ్డంగా పడింది.

"ఆగు."

"ఏమైంది?"

నల్లపలక పెట్టి ఏడాది. కొట్టువాడికి అక్కర్లేని ముక్కలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కాలు పెరిగింది. రాత్రంతా దగ్గింది. చీకట్లో ఎక్కుతున్నాం. ఒక వానాకాలం తొందర మేడం పేజీలో తను "జ్వరం, ఇవాళ కొట్టు లేదు" అని రాసుకుంది. ఆ సాయంత్రమే తమ్ముడు, ఎన్నడూ లేనిది, ఎలా ఉన్నావని ఫోను చేశాడు. మీ మరదలు ఒకసారి చెయ్యమంది అన్నాడు. అప్పుడు అంత ఆలోచించలేదు.

ఇన్నాళ్ళూ తను కిటికీ సందులోంచి దొంగతనంగా చూస్తున్నాననుకుంది. అవతల మనిషి ఆ కిటికీ తెరిచి పెట్టి కూర్చుంది.

"నీ ఫోన్లో తీసేసుకో" అంది. "నాది నాకుండనీ."

వాడు, అదీ నిజమే, ఎవరి ఫోన్లో వాళ్ళు ఆపుకోవచ్చు కదా అన్నాడు. తన ఫోను తీసి మీట నొక్కేశాడు. అంతలో ఏదో తోచి, మరి దాని ఫోన్లోనూ నీ కొలతలన్నీ ఉంటాయిగా, అడిగి అదీ తీసేస్తానని మరదలికి కలిపాడు. చేతిలో రెండు ఫోన్లు ఉండటంతో శబ్దం బయటికి పెట్టాడు.

"ఇదిగో, నీ ఫోన్లో నోట్సు కూడా ఆపేద్దామా? అక్క కొలతలన్నీ పడుతున్నాయి."

అవతల గిన్నె మూత చప్పుడు. దర్జీ టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"వద్దు" అంది మరదలు. "నావేవో ఉన్నాయి అందులో. ఉండనివ్వండి."

"నీవేం ఉన్నాయి?"

"ఉన్నాయి." మళ్ళీ గిన్నె చప్పుడు. "వదిన పక్కనే ఉన్నారా?"

"ఇక్కడే ఉంది. ఇవ్వనా?"

దర్జీ చెయ్యి కొద్దిగా లేచింది.

"వద్దులెండి. పొయ్యి మీద ఏదో ఉంది" అని మరదలు పెట్టేసింది.

మీ ఆడవాళ్ళ లెక్కలు నాకర్థం కావు బాబూ అని తమ్ముడు లేచాడు. పాంటు అంచు కుట్టు ఊడితే అక్కడికక్కడే కుట్టించుకుని, వచ్చే నెల మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు.

కొట్టు మళ్ళీ ఎప్పట్లాగే అయింది. ఎదురింటి గోడ మీది ఎండ కొంచెం కొంచెంగా పైకి పోతోంది. ఆదివారం ఎవరూ రారు. దర్జీ చాలాసేపు ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. రాయడానికి మాటలు చాలా ఉన్నాయి. ఏది రాసినా అది మాటైపోతుంది. మాటైతే జవాబు చెప్పాలి. జవాబు చెప్పాలంటే ఆ పుట్టినరోజు దాకా వెనక్కి వెళ్ళాలి. ఇద్దరికీ అంత ఓపిక లేదు.

చివరికి తనకు చేతనైనదే రాసింది. కొత్త పేజీ తెరిచి, "పిల్ల" అని పైన పెట్టి, కింద వరసగా, భుజం, ఛాతీ, నడుము, పొడవు. పక్కన అంకెలు లేవు.

ఫోను మిషను మీద పెట్టి, తొందర మేడం జాకెట్టు చేయి సరిచేయడం మొదలుపెట్టింది. సగం చేతికి వచ్చేసరికి చూసింది. ఏమీ లేదు. చేయి మొత్తం అయ్యాక చూసింది. భుజం పక్కన అంకె పడింది. చూస్తుండగానే ఛాతీ పక్కన పడింది.

భుజం 29. ఛాతీ 61. నడుము 56. పొడవు 70.

దర్జీ ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసింది. అరవై ఒక్క అంగుళాల ఛాతీ అంటే పిల్ల కాదు, బీరువా. బడి స్కేలుతో కొలిచి ఉంటుంది, సెంటీమీటర్లలో. ఛాతీకి ముందు దారమేదో చుట్టి, తర్వాత దాన్ని స్కేలు మీద పరిచి ఉంటుంది. పిల్ల గిలిగింతలకి మెలికలు తిరిగి ఉంటుంది. కదలకుండా నిలబడవే అని ఆ మనిషి కసురుకుని ఉంటుంది.

మెడలోని టేపు తీసి వెనక్కి తిప్పింది. ఆ వైపు సెంటీమీటర్లే ఉంటాయి. ఇరవై తొమ్మిది దగ్గర గోరు పెట్టి ముందుకి తిప్పింది. పదకొండున్నరకి పిసరు తక్కువ. అరవై ఒకటి, ఇరవై నాలుగు. అంకెలన్నీ సరిగ్గా పొసిగాయి. మరదలు జాగ్రత్తగానే కొలిచింది.

పైన సొరుగులోంచి పిల్ల పాత నమూనా కాగితం తీసి బల్ల మీద పరిచింది. దాని భుజం పది. దాని పక్కన టేపు పెట్టి చూసింది. ఒకటిన్నర అంగుళం. ఆ ఒకటిన్నర అంగుళం పిల్ల ఆమె చూడకుండానే పెరిగింది. ఇప్పుడు ఈ అంకెలతో గౌను కుట్టి పంపిస్తే సరిపోతుంది. చంక బిగుతవదు, ఎవరూ ఏడవరు. తమ్ముడు వచ్చే నెల పట్టుకుపోతాడు. పిల్ల అది వేసుకుని ఎలా ఉందో ఆమె మళ్ళీ ఏ చీటీలోనో చదువుకుంటుంది.

ఫోను తీసుకుంది. ముప్ఫై ఏళ్ళ పనిలో సరైన కొలతని తప్పని ఎన్నడూ అనలేదు.

"ఈ కొలతలు కుదరవు. పిల్ల రావాలి" అని రాసింది.

రాసి లేచింది. చిన్నపిల్లల్ని నిలబెట్టి కొలిచే పొట్టి పీట మీద పాత గుడ్డలు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని తీసి అరలో కుక్కి, పీటని తడిగుడ్డతో తుడిచింది. తర్వాత తమ్ముడు కూర్చున్న కుర్చీని జరిపి, పీట పక్కనే వేసింది. పిల్లని తీసుకొచ్చే మనిషి నిలబడి ఉండలేదు కదా.

ఎండ గోడ దాటి పోయింది. చీటీలో గీత పడితే ఫోను మోగదని ఆమెకి తెలుసు. అయినా మిషను తొక్కలేదు. జాకెట్టు అంచు చేత్తోనే కుట్టుకుంటూ, చప్పుడు చేయకుండా కూర్చుంది.